ఓడ అడుగున మూడు దెబ్బలు

ఆ ఓడలో ఎవరిని ఎక్కడికి పంపినా పోతారు. తుఫానులో డెక్కు మీదికి పొమ్మన్నా పోతారు, తిట్టుకుంటూనైనా. కానీ సొరంగంలోకి ఒంటరిగా పొమ్మంటే మాత్రం, ఎంతటి మొనగాడికైనా అప్పటికప్పుడు కడుపునొప్పి పుట్టుకొస్తుంది.

సొరంగం అంటే కొండలోదో కోటలోదో కాదు. ఓడ అడుగున మెయిన్ ఇంజను వెనకనుంచి, నీళ్ళను తోసే పెద్ద రెక్కల దాకా, తాటిమొద్దంత లావు ఇనుప షాఫ్టు ఒకటి పోతుంది. అది పోయే ఇరుకు దారినే మనవాళ్ళు సొరంగం అంటారు. ఓడ నడుస్తున్నంత సేపూ ఆ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఎలాగూ తిరిగేదాన్ని ఊరికే తిరగనివ్వడం దేనికని, దాని పక్కనే ఒక జనరేటరు కూర్చోబెట్టారు. మన దగ్గర ట్రాక్టరు ముందుకు నడుస్తూనే వెనక గడ్డి కట్టలు కట్టే మిషన్ను తిప్పదూ? అదే లెక్క. క్లచ్ పట్టిందంటే జనరేటరు షాఫ్టుతో పాటు తిరిగి ఓడంతటికీ కరెంటు ఇస్తుంది. క్లచ్ వదిలితే షాఫ్టు దాని మానాన అది తిరుగుతుంది, జనరేటరు ఆగిపోతుంది. ఓడను నడిపే ఇంజనే దీపాలు కూడా వెలిగిస్తుంటే కరెంటు కోసం వేరే డీజిలు కాల్చే పనే లేదు. ఓనరుకు అంతకన్నా పండుగ ఏముంది!

ఆ జనరేటరు ముందు ఎవరో కూర్చుని ఉంటారని పేరు.

వీపు మనవైపు పెట్టి... తల వంచుకుని... ఏదో పని చేసుకుంటున్నట్టు. టార్చి వేస్తే ఉండడు. ఆర్పితే మళ్ళీ ఉంటాడు.

కోరుట్లలో ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఈ మాట రాక మానదు. ఆ ఓడ పాతది. ఎన్ని పేర్లు మారిందో, ఎన్ని దేశాలవాళ్ళు దాన్ని వాడి అమ్ముకున్నారో. ఆ కూర్చున్నవాడు ఏ కాలంవాడో, ఏ దేశంవాడో ఎవరికీ తెలియదంటారు.

కుమార్ మాత్రం ఈ మాటను కొట్టిపారేశాడు. కూర్చున్నది ఎవరో తనకు బాగా తెలుసు అనుకున్నాడు.

తన అన్న. జనార్దన్.

కుమార్‌వాళ్ళది గొల్లపల్లి. తాతల కాలంనుంచీ ఒకరి పొలంలో దిగి పనిచేయడమే తప్ప తమదంటూ గుంట భూమి ఎరగని ఇల్లు. జనార్దన్ ఒక్కడే ఆ గీత దాటి బొంబాయి పోయి, పని నేర్చుకుని, ఓడ ఎక్కాడు. ఇంజను దగ్గర నూనెలు పోసి, తుడిచి, బిగించే పని. ఆ ఓడలోనే ఎలక్ట్రీషియను చంద్రమౌళి. సిరిసిల్ల మనిషి, మరమగ్గాల ఇంట్లో పుట్టినవాడు. నేల మీదైతే గొల్లపల్లి ఎక్కడ, సిరిసిల్ల ఎక్కడ! సముద్రం మీద మాత్రం అవి రెండూ పక్క పక్క వాడలే. ఇద్దరూ ఒక కంచంలో తిన్నంత దగ్గరయ్యారు.

సొరంగంలో జనరేటరు మీద పనిచేయాలంటే ఒక నియమం ఉంది. లోపలికి పోయేవాడు క్లచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని పోవాలి. అప్పుడు పైన ఎవరూ పొరపాటున కూడా క్లచ్ వేసే బటను ఒత్తలేరు. కానీ ఆ పాత ఓడలో తాళం ఏనాడో తుప్పుపట్టి పోయింది. కొత్తది అడిగితే వచ్చే రేవులో అన్నారు. ఆ వచ్చే రేవు రాలేదు.

అప్పుడు చంద్రమౌళి సిరిసిల్ల పద్ధతి తెచ్చాడు. మగ్గాల షెడ్డులో ఆ మోతకు పక్కవాడు అరిచినా వినబడదు. మగ్గం కిందికి దూరినవాడు పని ముగించి బయటికొచ్చాక పానాతో ఇనుప చట్రం మీద మూడు దెబ్బలు కొడతాడు. స్విచ్చు దగ్గరున్నవాడు చట్రం మీద అరచెయ్యి ఆనించి ఉంటాడు. మూడు తాకితేనే మోటరు వేస్తాడు. ఓడలో కూడా సొరంగం వాకిలినుంచి గోడ వెంబడి ఒక వాడని పైపు కంట్రోల్ రూం దాకా పోతుంది. అదే చట్రమైంది.

"చెవి మోసం చేస్తది తమ్మీ, అరచెయ్యి చెయ్యది," అనేవాడట చంద్రమౌళి.

ఒక రాత్రి జనార్దన్ సొరంగంలో ఉన్నాడు. చంద్రమౌళి పైన పైపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. క్లచ్ పడింది. జనరేటరు తిరిగింది. జనార్దన్ బయటికి రాలేదు.

చంద్రమౌళి ఎవరడిగినా ఒకటే చెప్పాడు. మూడు దెబ్బలు తాకినయి, అందుకే ఒత్తిన. విచారణకు వచ్చినవాళ్ళు తల ఊపారు. లోపలున్నవాడే తొందరపడి కొట్టి ఉంటాడు, పొరపాటు అతనిదే అని తేల్చారు. పోయినవాడు వచ్చి కాదనడు కదా.

అంతటితో ఊరుకోక చంద్రమౌళి గొల్లపల్లికి కూడా వచ్చాడు. తల దించుకుని వాకిట్లో నిలబడ్డాడు. జనార్దన్ భార్య కృపారాణి చేతిలో బీడీల చాట అలాగే పెట్టుకుని అతను చెప్పిందంతా విన్నది. తర్వాత ఒకే ఒక మాట అడిగింది.

"లోపల ఉన్న మనిషి, బయటికెల్లిన అని ఎట్ల కొడ్తడే?"



ఆమె చాట కింద పెట్టి, దోసెడు దుమ్ము ఎత్తి అతని ముఖాన కొట్టింది. అతను తుడుచుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ రోజే ఆమె మరిది కుమార్ వైపు తిరిగి అన్నది, "గానికి గదే జాగల... గట్లనే కావాలె. గా దినం దాక నేను నిద్రవోను."

కుమార్ మాట ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని కూడా లేకపోయింది. మర్నాటినుంచే అతను ఓడ పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఏజెంటు నవ్వాడట, అందరూ కొత్త ఓడలు కావాలంటుంటే నీకీ తుప్పు డబ్బా మీద మోజేందిరా అని.  పగపట్టినవాడికి ఓపిక ఎక్కడినుంచి వస్తుందో గానీ, వస్తుంది.

చంద్రమౌళి ఇంకా ఆ ఓడ మీదే ఉన్నాడు. వేరే ఓడ దొరక్క కాదు. ప్రతిసారీ అడిగి మరీ దాని మీదికే వస్తాడట. కానీ సొరంగం గడప మాత్రం తొక్కడు. ఇది విన్న కుమార్ పళ్ళు కొరికాడు. హంతకుడు కాకపోతే చంపిన చోటు చుట్టూ ఇలా ఎందుకు తిరుగుతాడు?

కుమార్ ఓడ ఎక్కిన మొదటిరోజు చంద్రమౌళే పలకరించాడు. జుట్టు మొత్తం నెరిసిపోయి ఉంది.

"ఏ ఊరు తమ్మీ?"

"రాయికల్," అని అబద్ధమాడాడు కుమార్.

చంద్రమౌళి అతన్ని కిందినుంచి మీదికి చాలాసేపు చూశాడు. "మంచిది," అని తన పనికి పోయాడు.

ఆ రాత్రినుంచే కుమార్ సొరంగంలోకి పోవడం మొదలుపెట్టాడు. అందరూ భయపడే చోటికి ఒంటరిగా, టార్చి లేకుండా. పక్కన షాఫ్టు గుమ్మని తిరుగుతూ ఉండేది. కాళ్ళ కింద రేకుకు అవతల సముద్రం. చివర్న జనరేటరు... దాని ముందు చీకట్లో ఇంకొంచెం ముదురు చీకటిలా ఒక వీపు.

కుమార్‌కు భయం వేయలేదు. గుండె చెరువైంది.

"అన్నా..."

పలుకు లేదు.

"అన్నా, నేనే... కుమార్‌ను. వదినె పంపింది. గాన్ని నీ జాగకు తెస్త. ఒక్కసారి నా చేతికి చిక్కనియ్యి... నువ్వు సాయం వట్టు."

వీపు కదలలేదు. రోజూ అదే మాట గొణిగేవాడు, రోజూ అదే మౌనం. ఒక్క రాత్రి మాత్రం, అతను మాట ముగించి వెనుదిరిగినప్పుడు, వంచిన తల కొద్దిగా... సరేనన్నట్టు... ఆడినట్టు అనిపించింది.

చేతికి చిక్కే ఆ ఒక్కసారీ దగ్గరకొచ్చింది.

ఓడలో కరెంటుకు ఇంకో రెండు చిన్న డీజిలు జనరేటర్లు ఉంటాయి. ఒకటి విప్పి ముక్కలు చేసి పెట్టి ఉంది. రెండోదానికి ఆ రాత్రి దగ్గు పట్టుకుంది. తెల్లారేసరికి ఓడ ఇరుకు జలసంధిలో దూరాలి, ఇటూ అటూ బస్టాండులా ఓడలే. అక్కడ కరెంటు పోయిందంటే చుక్కాని తిరగదు. ఇక దిక్కు షాఫ్టు జనరేటరు ఒక్కటే. దానిలో కరెంటును అందించే బొగ్గు ముక్కలు, కార్బన్ బ్రష్షులేమో అరిగి మొండి అయ్యాయి. అవి మార్చి క్లచ్ వేస్తే గానీ గండం గడవదు. మార్చడం ఎలక్ట్రీషియను పని.

సెకండ్ ఇంజనీరు చంద్రమౌళిని పిలిచి, చేస్తావో చస్తావో తెలియదు, లోపలికి పో అన్నాడు.

 చంద్రమౌళి వేలు చాపి చూపించాడు.

"గా పిలగాడు పైన ఉంటెనే పోత. పైపు మీద గాని చెయ్యే ఉండాలె."

చూపించింది కుమార్‌ను.

 వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. కుమార్ సరే అన్నాడు. సొరంగం వాకిలి దాకా తోడు పోయాడు.

వాకిట్లో చంద్రమౌళి ఆగాడు. పానా సంచి భుజాన వేసుకుని చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడు. అతని మోకాళ్ళు వణకడం కుమార్ స్పష్టంగా చూశాడు.

"దెబ్బలు తాకేదాక ఒత్తకు తమ్మీ."

"సరే అన్నా."

"ఎవ్వలు తొందరవెట్టినా..."

"ఒత్తను. పో."

చంద్రమౌళి రెండు చేతులూ జోడించి, లోపలికి వంగి, ఏదో మెల్లగా అనుకున్నాడు. కుమార్‌కు ఒక్క ముక్క వినబడింది: "జనార్దన్... నేనే అస్తున్న." తర్వాత చీకటి అతన్ని మింగేసింది.

కంట్రోల్ రూంలో కుమార్ ఎడమ అరచెయ్యి పైపు మీద, కుడి చూపుడువేలు బటను మీద. దీపాలు ఒకసారి పొంగి, ఒకసారి కుంగి, డీజిలు జనరేటరు దగ్గుకు తగ్గట్టు కొట్టుకుంటున్నాయి. సెకండ్ ఇంజనీరు అటూ ఇటూ తిరుగుతూ తనకొచ్చిన భాషలన్నిట్లో తిడుతున్నాడు.

ఒక్క ఒత్తు... అంతే. ఎవరడిగినా మూడు దెబ్బలు తాకినయి అంటే సరి. వాడు చెప్పిన మాటే వాడికి చెల్లించడం. వదిన నిద్రపోతుంది. అన్న లేచి పోతాడు.

వేలు బటనును తాకింది.

ఇన్నాళ్ళూ అతని కళ్ళముందు ఉన్నది ఒక రాక్షసుడు. ఇప్పుడెంత తలుచుకున్నా ఆ రాక్షసుడు రావడం లేదు. నెరిసిన జుట్టు, వణికే మోకాళ్ళు, చేతులు జోడించి చీకట్లోకి వంగిన మనిషే వస్తున్నాడు. పగ పెంచడం వేరు, బటను ఒత్తడం వేరు. మొదటిది ఎవరైనా చేస్తారు.

కుమార్ వేలు వెనక్కి తీసుకున్నాడు. చంపలేకపోయాడు... అంతే. అన్న ముందు, వదిన ముందు తలెత్తుకోలేనని సిగ్గుతో చచ్చిపోయాడు. కన్నీళ్ళు కారుతుంటే సెకండ్ ఇంజనీరుకు కనబడకుండా ముఖం గోడకు తిప్పుకున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం పైపు మీదినుంచి తీయలేదు. దెబ్బలు తాకేదాకా ఒత్తను, మాటంటే మాటే అనుకున్నాడు.

దీపాలు కుంగాయి. ఎర్ర లైటు వెలిగి అలారం మోగింది. "ఇంకా రాలేదా?" అని సెకండ్ ఇంజనీరు చొక్కా పట్టుకుని ఊపాడు. కుమార్ తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు...

అరచేతికి ఒక దెబ్బ.

ఆగి — ఇంకొకటి.

ఆగి — ఇంకొకటి.

గట్టిగా, తేటగా, పానాతో కొట్టినట్టు. అనుమానానికి ఆవగింజంత తావు లేదు. కుమార్ గుండెల మీదినుంచి బండ దింపినట్టయింది. మౌళన్న బయటికొచ్చాడు! ఆ మనిషి బతికినందుకు తాను సంతోషపడతానని అతను కలలో కూడా అనుకోలేదు.

"తాకినయి సార్! మూడు తాకినయి!"

ఒత్తాడు.

కింద క్లచ్ పట్టింది. దీపాలన్నీ ఒక్కసారి పెళ్ళి పందిరిలా వెలిగాయి. అలారం ఆగింది. సెకండ్ ఇంజనీరు కుర్చీలో కూలబడి, నవ్వి, సిగరెట్టు తీశాడు.

చంద్రమౌళి మెట్లెక్కి రావాలి. రాలేదు.

కుమార్ ఇంకాస్త చూశాడు. తర్వాత నడవలేదు... మెట్లమీదినుంచి జారుకుంటూ దూకాడు.

వాకిలి దగ్గర ఎవరూ లేరు.

చంద్రమౌళి లోపల, జనరేటరు పక్కన పడి ఉన్నాడు. కుడి చెయ్యి ఉండాల్సిన చోట లేదు. చూపులో ఇంకా ప్రాణం ఉంది. కుమార్ అతని తల ఒళ్ళో పెట్టుకుని, ఆ మోతలో చెవి నోటి దగ్గర ఆనించాడు.

"నేను కొట్టలే తమ్మీ... ఇంక బ్రష్షులు బిగించుడు కాలే..."

"తాకినయన్నా! మూడు తాకినయి! దేవుని తోడు... నేను కావాలని ఒత్తలే!"

"ఎర్కే." చంద్రమౌళి ముఖాన నొప్పికి బదులు ఏదో తేలిక కనిపించింది. "నాకు గూడ... గా రాత్రి... గిట్లనే తాకినయి. ఎవ్వలు నమ్మలే. మీ వదినె గూడ."

కుమార్ అతని తలను ఇంకా దగ్గరికి తీసుకున్నాడు.

"నువ్వు జనార్దన్ తమ్మునివని మొదటి దినమే ఎర్కయ్యింది. నడక గదే."

"మరి... నన్నే ఎందుకు పెట్టినవే పైన?"

"నా పానం తెచ్చి నీ చేతుల వెడితె... నన్ను నమ్ముతవేమోనని..."

ఆ తర్వాత అతను మాట్లాడలేదు. రేవు చేరేలోపే పోయాడు.

కానీ ఆ సమయంలో, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కుమార్, తిరుగుతున్న జనరేటరు వైపు చూశాడు. అక్కడ వీపు ఉంది. ఎప్పటిలాగే వంచిన తల. కుమార్ ఏడుస్తూ అరిచాడు — "అన్నా, ఎందుకు గొట్టినవే!"

వీపు మెల్లగా తిరిగింది.

అది జనార్దన్ ముఖం కాదు. ఎప్పుడూ, ఎక్కడా చూడని మనిషి. ఏ దేశంవాడో. అడిగిన సాయం చేసిపెట్టినవాడిలా, కుమార్‌ను చూసి తల ఊపాడు.

విచారణలో కుమార్ ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, ఆ ముఖం సంగతి తప్ప. మూడు దెబ్బలు తాకినయి, అందుకే ఒత్తిన అన్నాడు. తల ఊపేవాళ్ళు తల ఊపారు. పొరపాటు పోయినవాడిదే అని తేల్చారు. సిరిసిల్లలో చంద్రమౌళి భార్య అనురాధ ఆ మాట విని ఏమన్నదో కుమార్ అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఓడ దిగి గొల్లపల్లికి వచ్చాడు. కృపారాణి వాకిట్లోనే ఉంది. అతను చెప్పులైనా విప్పకుండా గడపలో కూలబడి మొదటినుంచీ చెప్పాడు. వేలు వెనక్కి తీసుకున్నది చెప్పాడు. దెబ్బలు చెప్పాడు. మౌళన్న చివరి మాటలు, తిరిగి చూసిన ముఖం... ఏదీ దాచలేదు. అన్నను చంపింది ఆ మనిషి కాదని, ఆయన మన వాకిట్లో నిలబడి చెప్పిందంతా నిజమేనని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కృపారాణి మధ్యలో ఒక్క మాట అడ్డురాకుండా విన్నది. తర్వాత లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది. వచ్చి అతని ముందు కూర్చుని, కుడి చెయ్యి అందుకుంది. ఆ చూపుడువేలును రెండు కళ్ళకూ అద్దుకుంది. ఆమె ముఖం అంత చల్లగా ఉండగా చూడటం అన్న పోయినప్పటినుంచీ అదే మొదటిసారి.

"మంచిగ చెప్పినవ్ కుమారూ," అన్నది గుసగుసగా. "ఎవ్వలడిగినా గిట్లనే చెప్పు. ఒక్క ముక్క గూడ మార్చకు."

"వదినె... నేను చెయ్యలే..."

"గట్లనే," అని ఆమె మురిపెంగా అతని తల నిమిరింది. "గిట్లనే ఏడ్వు గూడ."

ఆ రాత్రి కృపారాణి తెల్లారేదాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.